నాలుగేళ్లుగా వాడుతున్న బయోలేటెన్సీ

డేటాబేస్ సర్వర్లు చూసుకోవడం నా పని. ఈ నాలుగేళ్లలో బయోలేటెన్సీ నడపని వారం దాదాపు లేదు. లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) డిస్క్‌కి పంపే ప్రతి రిక్వెస్ట్ పూర్తవడానికి ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి, ఎంత సమయం పట్టినవి ఎన్నో తెలిపే హిస్టోగ్రామ్‌గా చూపించే చిన్న టూల్ ఇది. బ్రెండన్ గ్రెగ్ రాశారు, కెర్నెల్‌ని గమనించే టూల్స్ ఉన్న బీసీసీ ప్యాకేజీలో వస్తుంది.

అంతకుముందు నాకు డిస్క్ సగటు లెక్కలు చూపే ఐఓస్టాటే ఆధారం. అప్పట్లో మా దగ్గర రోజూ రాత్రి రెండు దాటాక పేమెంట్లు నెమ్మదించేవి. ఐఓస్టాట్‌లో రైట్ల (డిస్క్‌కి రాసే రిక్వెస్ట్‌ల) సగటు సమయం చూస్తే 3 మిల్లీసెకన్లు. డిస్క్ బాగానే ఉందని స్టోరేజ్ వాళ్లు, డిస్కే కారణమని మేము. రెండు వారాలు ఇదే గొడవ, ఒకటే టెన్షన్.

ఓ రాత్రి మెలకువగా కూర్చుని బయోలేటెన్సీ నడిపాను. కమాండ్‌కి మైనస్ ఎఫ్ ఆప్షన్ పెడితే రీడ్లూ రైట్లూ విడివిడిగా వస్తాయి. మైనస్ క్యూ పెడితే కెర్నెల్ క్యూలో ఆగిన సమయం కూడా లెక్కలోకి వస్తుంది. రైట్ల హిస్టోగ్రామ్‌లో 256 నుంచి 511 మైక్రోసెకన్ల వరుస నిండా నక్షత్రాలు, అంటే ఎక్కువ రైట్లు అక్కడే. దాని కింద ఏడు వరుసలు దాదాపు ఖాళీ. ఆ కింద 65536 నుంచి 131071 (సుమారు 65 నుంచి 131 మిల్లీసెకన్ల) వరుసలో ఒకే ఒక్క నక్షత్రం. వందకి మూడు రైట్లు అక్కడున్నాయి. సగటు 3 మిల్లీసెకన్లని ఐఓస్టాట్ చెప్పింది అబద్ధం కాదు, కానీ నిజంగా 3 మిల్లీసెకన్లు పట్టిన రైటు దాదాపు ఒక్కటీ లేదు. వందకి మూడే కదా అనిపిస్తుంది. మా ఒక్కో పేమెంట్‌కి 15 కమిట్లు (డేటాని డిస్క్‌లో ఖాయం చేసే రైట్లు). అంటే మూడో వంతుకి పైగా పేమెంట్లకు ఒక్కసారైనా ఆ దెబ్బ తగులుతుంది.

వెంటనే మైనస్ క్యూ తీసేసి మళ్లీ నడిపాను. ఆ ఒంటరి నక్షత్రం మాయం. డిస్క్ చేతికి అందాక రైటు వెంటనే పూర్తవుతోంది, ఆలస్యమంతా క్యూలోనే. అదే వేళకి బ్యాకప్ చాలా థ్రెడ్లతో డిస్క్‌ని చదువుతోంది. క్యూలో ఎవరి వంతు ముందో తేల్చే మా షెడ్యూలర్ ఎంక్యూ డెడ్‌లైన్, అది రైట్ల కంటే రీడ్లకే ముందు దారిస్తుంది. బ్యాకప్ రీడ్ల వెనక మా కమిట్లు నిలబడిపోయాయి. స్టోరేజ్ వాళ్ల మాటా నిజమే, మా మాటా నిజమే. బ్యాకప్‌కి సీగ్రూప్‌లో (ప్రోగ్రామ్‌ల వాడకానికి హద్దు పెట్టే కెర్నెల్ సదుపాయం) ఐఓ మ్యాక్స్ అనే డిస్క్ పరిమితి పెట్టాక పేమెంట్లు కుదుటపడ్డాయి.

ఈ టూల్‌కి కనిపించని చోటు ఒకటుందని ఆ తర్వాతే తెలిసింది. సీగ్రూప్ పరిమితి వల్ల ఆగే ఐఓ ఇంకా రిక్వెస్ట్‌గా మారకముందే ఆగిపోతుంది. కాబట్టి బ్యాకప్ ఎంత నత్తనడక నడిచినా, మైనస్ క్యూ పెట్టినా సరే, ఆ నిరీక్షణ ఇందులో కనపడదు. అప్లికేషన్ వైపు నుంచి చూడాలంటే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ని గమనించే ఈఎక్స్‌టీ4స్లోయర్ వాడతాను. అది 10 మిల్లీసెకన్లు దాటిన ఫైల్ ఆపరేషన్లను చూపిస్తుంది, డేటాని డిస్క్‌కి చేర్చే ఎఫ్‌సింక్‌తో సహా.

బయోలేటెన్సీలో వరుసలు రెట్టింపవుతూ పోతాయి కాబట్టి 70 మిల్లీసెకన్లకీ 120కీ తేడా తెలియదు. ఒక్కో ఐఓ విడిగా కావాలంటే బయోస్నూప్ ఉంది. అందులో రైట్ల పక్కన మన ప్రోగ్రామ్ పేరుకి బదులు కేవర్కర్ అనో జేబీడీ2 అనో (కెర్నెల్ సొంత థ్రెడ్లు) కనిపిస్తే కంగారు పడొద్దు, మురికి పేజీల్ని (మెమరీలో మారి ఇంకా డిస్క్‌కి చేరని డేటాని) డిస్క్‌కి తోసేది చాలాసార్లు అవే.

భారం గురించి నాకు ఫిర్యాదు లేదు. డిస్క్ ఐఓని గమనించే పాత టూల్ బీఎల్‌కే ట్రేస్ ప్రతి ఘటననీ యూజర్ స్పేస్‌కి (కెర్నెల్ బయట ప్రోగ్రామ్‌లు నడిచే చోటికి) మోస్తుంది, ఇది కెర్నెల్లోనే లెక్కలు కలిపేసి చివర్లో హిస్టోగ్రామ్ మాత్రం బయటికిస్తుంది.

నాకు నిజంగా కోపం తెప్పించింది కెర్నెల్ అప్‌గ్రేడ్లు. పాత వెర్షన్ టూల్ కెర్నెల్ లోపలి ఫంక్షన్ల పేర్ల మీద ఆధారపడేది. కెర్నెల్ 5.17లో రిక్వెస్ట్ స్ట్రక్చర్ నుంచి డిస్క్ ఫీల్డ్ తీసేశారు, ఆ దరిదాపుల్లోనే కొన్ని ఫంక్షన్లు ఇన్‌లైన్ అయిపోయాయి (వేరే ఫంక్షన్లలో కలిసిపోయి విడిగా దొరకవు). సరిగ్గా అవసరమైన రాత్రి టూల్ అటాచ్ కాలేదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. ఇప్పుడు లిబ్‌బీపీఎఫ్ లైబ్రరీతో కట్టిన వెర్షన్ వాడుతున్నాను. దానికి కెర్నెల్ హెడర్లు అక్కర్లేదు, బీటీఎఫ్ (కెర్నెల్ తనలోని స్ట్రక్చర్ల గురించి ఇచ్చే సమాచారం) ఉంటే చాలు, తక్షణం మొదలవుతుంది. అయినా కొత్త కెర్నెల్ వచ్చిన ప్రతిసారీ ముందు టెస్ట్ సర్వర్‌లో పది సెకన్లు నడిపి చూశాకే మిగతా వాటికి ఎక్కిస్తున్నాను.