జీతంలో మనోవర్తి బకాయి కటింగ్ పడుతోందా? ఉచిత న్యాయ సహాయం ఆఫీసు గురించి నా అనుభవం

2025 ఫిబ్రవరి జీతం స్లిప్ చేతికొచ్చిన రోజు నాకింకా గుర్తే. రావాల్సింది 19,400, వచ్చింది 8,400. మిల్లు ఆఫీసులో అడిగితే, కోర్టు నుంచి కాగితం వచ్చింది, నెలకు 11,000 కోసి కట్టమన్నారు, మా చేతుల్లో ఏం లేదు అన్నారు. అందులో 4,500 మా పాపకి నెలనెలా ఇవ్వాల్సిన మనోవర్తి, మిగతా 6,500 పాత బకాయి కింద. మిగిలిన 8,400లో ఇంటద్దె 3,000, అమ్మకి బీపీ, షుగర్ మందులు, డ్యూటీకి వెళ్ళిరావడానికి బస్సు ఖర్చు, కరెంటు బిల్లు, ఇవన్నీ పోగా తిండికి ఏం మిగులుతుందో మీరే లెక్కేసుకోండి. ఆ నెల చాలా రాత్రుళ్ళు చోడి అంబలితోనే గడిపాం, అమ్మ ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఈ రివ్యూ ఆ తర్వాత నేను వెళ్ళిన చోటు గురించి. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే ఉచిత న్యాయ సహాయం ఆఫీసు అది, పూర్తి పేరు జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థ. ఏ ఊరో రాయడం లేదు, పాప చదివే స్కూలు ఆ ఊళ్ళోనే ఉంది, దాని విషయం నలుగురికీ తెలియడం నాకిష్టం లేదు. కానీ ఒడిశాలో రాయగడ, పర్లాకిమిడి, బరంపురం, కోరాపుట్ వైపు మన తెలుగువాళ్ళు ఎక్కడున్నా ఇలాంటి ఆఫీసు జిల్లాకొకటి ఉంటుంది, కింద తాలూకా కోర్టుల్లోనూ వీళ్ళ కమిటీలుంటాయి. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే 15100కి ఫోన్ చెయ్యండి.

ముందు నా తప్పు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. పాప వాళ్ళమ్మ 2023 జనవరిలో కేసు వేసింది. నేను ఒక ప్రైవేటు ప్లీడరుని పెట్టుకున్నాను, విడతలవారీగా 14,000 తీసుకున్నాడు, రెండు మూడు వాయిదాలకి వచ్చాడు, తర్వాత ఫోనెత్తడం మానేశాడు. నేనూ కోర్టు పేరెత్తితేనే టెన్షన్‌తో వెళ్ళడం మానేశాను. 2024 మార్చిలో నేను లేకుండానే ఆర్డరు అయిపోయింది, నెలకు 4,500 అని. ఆ ఆర్డరు వచ్చిన రోజు నుంచి లెక్క అనుకున్నాను, కాదు, కేసు వేసిన రోజు నుంచి. అంటే ఆర్డరు రాసిన రోజుకే నా మీద 14 నెలల బకాయి, 63,000. ఆ తర్వాత నెలనెలా కడుతూనే ఉన్నాను గానీ మిల్లు రిపేర్ల కోసం ఆపినప్పుడు పని లేక 4 నెలలు కట్టలేకపోయాను, అది ఇంకో 18,000. మొత్తం 81,000.

ఆఫీసులో మొదట నన్ను కూర్చోబెట్టి మాట్లాడింది ఒక పెద్దావిడ, పారా లీగల్ వాలంటీరు, అంటే లాయరు కాదు గానీ వచ్చినవాళ్ళకి దారి చూపించే మనిషి. నేను ఒడియాలో తడబడుతుంటే ఆవిడే తెలుగులోకి వచ్చేసింది, "ఏ ఊరు బాబూ మీది, కాగితాలు ఏమేం తెచ్చావు" అని. నా దగ్గర స్లిప్ ఒక్కటే ఉంది. ఆవిడ తిట్టలేదు, ఒక తెల్లకాగితం మీద ఏమేం కావాలో తెలుగులోనే రాసిచ్చింది: ఆర్డరు కాపీ, ఆరు నెలల జీతం స్లిప్పులు, బ్యాంకు పాస్‌బుక్, ఆధార్, అద్దె రసీదు, అమ్మ మందుల చీటీలు, పాపకి ఎప్పుడు ఎంత పంపినా దాని రుజువు. ఈ చివరిదే నన్ను కాపాడింది, అది తర్వాత చెప్తాను.

ఫీజు విషయం. ఒక్క రూపాయి తీసుకోలేదు. జిరాక్సులకి నేను పెట్టుకున్నది 120 అయ్యుంటుంది. నాలాంటివాడికి ఉచితమేంటి, మగవాణ్ణి, ఉద్యోగం ఉంది కదా అని అడిగాను. 1987 నాటి న్యాయ సేవల చట్టంలో ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, ఫ్యాక్టరీ కార్మికులకి ఆదాయం ఎంతని చూడకుండా లాయర్ని ఇస్తారట. నేను మిల్లులో మెషీన్ మీద పనిచేస్తాను కాబట్టి గుర్తింపు కార్డు చూసి రాసుకున్నారు. మిగతావాళ్ళకి ఆదాయ పరిమితి ఉంటుంది, వెళ్ళి అడగండి, అడిగితే పోయేదేం లేదు.

నాకిచ్చిన ప్లీడరమ్మ చిన్న వయసే గానీ విషయం బాగా తెలుసు. పాప వాళ్ళమ్మ తరఫున వాదించేదీ ఇదే ఆఫీసు ప్యానెల్లోని లాయరే అని తెలిసి, ఇద్దరూ కలిసిపోతారేమో అని అనుమానపడ్డాను, ఆ మాట ఆమె ముఖం మీదే అనేశాను. ఆమె ఏమీ అనుకోలేదు, ఎవరి ఫైలు వాళ్ళదే, మీరు చెప్పింది అవతలివాళ్ళకి చేరదు అంది, అలాగే జరిగింది కూడా. ఆమె నాకు మూడు విషయాలు చెప్పింది, అవి ముందే తెలిసుంటే నేను ఇంతదాకా తెచ్చుకునేవాణ్ణి కాదు.

నేను లేకుండా అయిన ఆర్డరుని కొట్టేయమని అడగడానికి 3 నెలలే టైము. నాకది దాటిపోయింది. మీలో ఎవరికైనా ఇలా ఆర్డరు వచ్చుంటే ఈ రివ్యూ చదవడం కూడా ఆపి ముందు తారీఖు చూసుకోండి.

జీతంలో సగానికి మించి కోయకూడదు అని మా మిల్లులో అందరూ అంటారు. అది మామూలు అప్పులకి కూడా సరైన లెక్క కాదు, మనోవర్తికైతే అసలే కాదు. మామూలు అప్పు డిక్రీలో, అంటే కోర్టు తీర్పు ప్రకారం వసూలు చేసేటప్పుడు, మొదటి వెయ్యి, ఆ పైన మిగిలిన దాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోరు. మనోవర్తి డిక్రీలో మనకి వదిలేది మూడో వంతే. నా 19,400లో మూడో వంతంటే 6,500 దాకా, నాకు వదిలింది 8,400, అంటే ఆ కోత చట్టం లోపలే ఉంది. అది విన్నాక కాసేపు నోట మాట రాలేదు. ఆమె మాత్రం, చట్టం ప్రకారం తప్పు లేదు కాబట్టి తప్పని పోట్లాడొద్దు, మన పరిస్థితి చూపించి కిస్తీ తగ్గించమని అడుగుదాం అంది.

మూడోది జైలు సంగతి. కట్టకపోతే నెల రోజులు లోపలేస్తారు, ఉండి వచ్చేస్తే బాకీ తీరిపోతుంది అని నాకు ఒక మావయ్య గట్టిగా చెప్పాడు, నేనూ ఒక దశలో అదే నయం అనుకున్నాను. తీరదు. జైలుకి వెళ్ళినా బాకీ అలాగే ఉంటుందని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పేసింది. పైగా నెల డ్యూటీ పోయేది, ఉద్యోగమూ పోయేదేమో.

ఇక పాపకి పంపిన డబ్బుల సంగతి. కేసు నడుస్తుండగా పాప స్కూలు ఫీజుకని, ఒకసారి జ్వరం వచ్చి ఆసుపత్రిలో పెట్టినప్పుడని, మా అత్తగారి నంబరుకి ఫోన్‌పేలో మొత్తం 12,000 పంపాను. కోర్టులో ఎవరూ చెప్పలేదు కాబట్టి అది లెక్కలోకి రాలేదు. వాలంటీరమ్మ పక్కన కూర్చుని నా ఫోన్లో పాత లావాదేవీలన్నీ వెతికించి, బ్యాంకు స్టేట్‌మెంటు తెప్పించి, తారీఖుల పక్కన గీతలు గీయించింది. ఆదాయం, ఆస్తులు, అప్పులు అన్నీ రాసే అఫిడవిట్ కూడా చేయించారు. 2020లో సుప్రీంకోర్టు చెప్పిన దగ్గర్నుంచి మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఇది దాఖలు చెయ్యాలట. సొసైటీలో తీసుకున్న 20,000 అప్పు కూడా దాచకుండా రాశాను.

మీడియేషన్‌లో, అంటే ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ మాట్లాడించే చోట, రెండుసార్లు కూర్చున్నాం. మొదటిసారి పాప వాళ్ళమ్మ నా వైపు చూడలేదు. రెండోసారి మా అత్తగారే, ఆ 12,000 వచ్చిన మాట నిజమే అని ఒప్పుకుంది. నేను నెలనెలా ఇచ్చే 4,500 తగ్గించమని అడగలేదు, ప్లీడరమ్మ అడగొచ్చని చెప్పింది, పరిస్థితి మారితే దానికీ వేరే పిటిషన్ ఉంది, కానీ అది ముందు నెలలకి గానీ పాత బాకీకి పనిచేయదు. పాప ఇప్పుడు మూడో తరగతి, నోటు పుస్తకాలకే ఎంతవుతుందో నాకు తెలుసు. అడగాలనిపించలేదు. బకాయి కిస్తీ మాత్రం 6,500 నుంచి 3,000కి దించారు. అప్పటికే మూడు నెలలు కోసిన 19,500, ఆ 12,000 తీసేస్తే మిగిలింది 49,500. ఒప్పందం జడ్జిగారి ముందు రాయించారు, మిల్లుకి కొత్త కాగితం వెళ్ళింది. 2025 మే నుంచి చేతికి 11,900 వస్తోంది. సుఖంగా ఉన్నానని కాదు, అమ్మ మందులు మాత్రం ఆగడం లేదు.

బాగోలేనివి కూడా రాయాలి. ఉదయం పదిన్నరకి తెరుస్తారని వెళ్తే పదకొండున్నర దాకా బల్ల మీద కూర్చున్న రోజులున్నాయి. ఒక్కో పనికి మూడేసి సార్లు తిరిగాను, తిరిగిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయింది, శనివారమో సాయంత్రమో ఒక్క పూట పెడితే మిల్లుల్లో పనిచేసేవాళ్ళకి ఎంత మేలవుతుందో. ఆర్డరు ఇంగ్లీషులో ఉంటుంది, బోర్డులు ఒడియాలో ఉంటాయి, అమ్మలాంటివాళ్ళు తెలుగు తప్ప చదవలేరు. ఆ పెద్దావిడ లేని రోజు తెలుగులో చెప్పేవాళ్ళే లేరు. సరిహద్దు జిల్లాల్లో ఇంతమందిమి ఉన్నాం, ఏ కాగితాలు కావాలో ఒక్క పేజీ తెలుగులో అచ్చు వేసి గోడకి అంటిస్తే చాలు. ప్లీడరమ్మకి కేసులు చాలా ఎక్కువ, ఫోన్ చేస్తే రాత్రి ఎనిమిది తర్వాతే తీస్తుంది, కానీ తీస్తుంది.

ఐదుకి నాలుగు ఇస్తాను. డబ్బు పోసిన చోట దొరకని ఓపిక ఇక్కడ దొరికింది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, పిల్లల డబ్బు ఎగ్గొట్టే దారి చూపిస్తారని వెళ్తే అక్కడ మీకేం దొరకదు, మొదటి రోజే ఆ మాట చెప్పేస్తారు. కట్టాలని ఉండి కట్టలేకపోతున్నవాళ్ళు స్లిప్పులు, ఫోన్‌పే రికార్డులు పట్టుకుని వెళ్ళండి, కటింగ్ మొదలవ్వకముందే వెళ్తే ఇంకా మంచిది.

డిసెంబరుతో ఎనిమిది కిస్తీలు పోయాయి, ఇంకా 25,500 ఉంది. ప్రతి నెలా స్లిప్ రాగానే ఫొటో తీసి ప్లీడరమ్మకి పంపుతాను, ఈసారి కూడా "అందింది, అసలుది ఫైల్లో పెట్టుకోండి" అని జవాబిచ్చింది. ఫైలు అమ్మ ట్రంకు పెట్టెలో ఉంది.