ఆక్సీకరణ స్థితులు చూపే తెలుగు గోడపట్టిక: కొనదగినదే, రెండు దిద్దుబాట్లతో

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో తెలుగు పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పేవారికి తెలుగు పేర్లతో అచ్చైన ఆవర్తన పట్టిక దొరకడమే అరుదు. దొరికినా అందులో పరమాణు సంఖ్య, పరమాణు ద్రవ్యరాశి మించి మరేమీ ఉండదు. ఈమధ్య రాయగడలో ఒక పుస్తకాల దుకాణంలో 250 రూపాయలకు కొన్న గోడపట్టికలో మాత్రం ప్రతి మూలకం గడిలోనూ ఆక్సీకరణ స్థితులను, అంటే సమ్మేళనంలో పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నట్టు (+) లేదా పొందినట్టు (−) లెక్కకట్టామో చెప్పే అంకెలను, అచ్చువేశారు; వాటిలో తరచుగా కనిపించేవాటిని ముదురు అంకెల్లోనూ, అరుదైనవాటిని లేత అంకెల్లోనూ చూపారు. ట్యూషన్ చెప్పేవారు ఈ ఒక్క ఏర్పాటు కోసమే దీన్ని కొనవచ్చునని నా అభిప్రాయం.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో మాంగనీసు గడి చూస్తే తెలుస్తుంది. మాంగనీసుకు −3 నుంచి +7 వరకు స్థితులు ఉన్నాయి. అన్నీ ఒకే వరుసలో ఒకే అచ్చులో ఉంటే పదో తరగతి విద్యార్థి వాటిని కంఠస్థం చేయబోయి విసిగిపోతాడు, లేదా అసలు చూడడమే మానేస్తాడు. ఈ పట్టికలో +2, +4, +7 అంకెలు దూరం నుంచే కనిపిస్తాయి, మిగిలినవి దగ్గరికి వెళ్తేనే చదవగలం. మాంగనీసు +7 లో ఉండే ఊదారంగు పొటాషియం పర్మాంగనేట్ ద్రావణాన్ని తీసుకొని, ఆమ్ల మాధ్యమంలో క్షయకరణం చెందిస్తే, అంటే ఎలక్ట్రాన్లు చేరేలా చేస్తే, రంగు దాదాపుగా పోయి మాంగనీసు +2 స్థితికి వస్తుంది. తటస్థ మాధ్యమంలో గోధుమరంగు మాంగనీస్ డయాక్సైడ్ అడుగున చేరి +4 దగ్గర ఆగుతుంది. గాఢమైన క్షార మాధ్యమంలో ఆకుపచ్చని మాంగనేట్‌గా మారి +6 దగ్గరే నిలుస్తుంది. మూడు పరీక్షనాళికలను పట్టిక పక్కన పెట్టి, ఏ నాళికలో పరమాణువుకు ఎన్ని ఎలక్ట్రాన్లు చేరాయో, అంటే అయిదా, మూడా, ఒకటా అన్నది, పిల్లలచేత అంకెల తేడా తీసి చెప్పించవచ్చు. నేను అలాగే చెప్పిస్తున్నాను, పాఠం బాగా నిలుస్తోంది. +6 ను కూడా ముదురుగా వేసి ఉంటే ఇంకా బాగుండేదనిపించింది.

క్రోమియం గడిని మా ప్రాంతంవారు ప్రత్యేకంగా గమనించాలి. ఒడిశాలో జాజ్‌పూర్ జిల్లాలోని సుకిందా లోయ దేశంలోని క్రోమైట్ నిల్వలకు ప్రధాన స్థానం. మా రాయగడ జిల్లాలోనే తెరుబలిలో ఫెర్రో మిశ్రమ లోహాల కర్మాగారం ఉంది. క్రోమైట్ ఖనిజంలో ఇనుము +2 లోనూ, క్రోమియం +3 లోనూ ఉంటాయి. పొటాషియం డైక్రోమేట్‌లో పొటాషియం వంతు మొత్తం +2, ఆక్సిజన్ వంతు మొత్తం −14 కాబట్టి మిగిలిన +12 రెండు క్రోమియం పరమాణువులకు చెంది, ఒక్కొక్కటి +6 అవుతుంది. +3 లవణాలతో పోలిస్తే +6 సమ్మేళనాలు ఎంతో విషపూరితమైనవి, క్యాన్సర్ కారకాలు కూడా. అదే మూలకం, స్థితి మారితే హాని ఇంతగా మారుతుందన్న సంగతి గనుల దగ్గరి ఊళ్ళ పిల్లలకు తప్పక తెలియాలి. ఈ పట్టికలో +3, +6 రెండూ ముదురుగానే ఉన్నాయి. పక్కనున్న కోరాపుట్ జిల్లా దమన్‌జోడిలో తయారయ్యే అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) సంగతి వస్తే చెప్పేది తక్కువ: అల్యూమినియం గడిలో +3 ఒక్కటే ముదురుగా ఉంది, అది సరైనదే.

పద్నాలుగో గ్రూపును రూపొందించిన తీరు నాకు చాలా నచ్చింది. కార్బన్, సిలికాన్‌లకు +4 ముదురుగా, తగరానికి +2, +4 రెండూ సమానంగా, సీసం దగ్గరికి వచ్చేసరికి +2 ముదురుగా, +4 కాస్త లేతగా వేశారు. జడ ఎలక్ట్రాన్ జంట ప్రభావాన్ని, అంటే గ్రూపులో కిందికి వెళ్ళేకొద్దీ బయటి s ఎలక్ట్రాన్ల జంట బంధాల్లో పాల్గొనక తక్కువ స్థితి స్థిరపడడాన్ని, మాటల్లో చెప్పకుండానే అచ్చుతో చూపడం శ్రద్ధగల పని. ఆక్సిజన్‌కు −2 ముదురుగా ఉంది. పెరాక్సైడ్లలోని −1, ఫ్లోరిన్‌తో కలిసినప్పుడు వచ్చే +2 లేతగా ఉన్నాయి. ఫ్లోరిన్‌కు −1 తప్ప మరేదీ వేయలేదు.

ఇక లోపాలు. మొదటిది గుర్తుల వరుస. ఆక్సీకరణ సంఖ్య రాసేటప్పుడు గుర్తు ముందు, అంకె తరువాత రావాలి. అయాను ఆవేశం రాసేటప్పుడు అంకె ముందు, గుర్తు తరువాత రావాలి. ఈ పట్టికలో మొదటి రెండు గ్రూపుల్లో 1+, 2+ అనీ, మిగిలిన చోట్ల +2, +3 అనీ అచ్చయింది. పర్మాంగనేట్‌లో మాంగనీసు +7 అంటే ఏడు ధనావేశాలున్న విడి అయాను అక్కడ ఉందని అర్థం కాదు. ఈ రెండు భావనలను వేరుచేయడమే తరగతిలో కష్టమైన పని. పట్టికే వాటిని కలిపేస్తే ఉపాధ్యాయుడి శ్రమ రెట్టింపవుతుంది. రెండో లోపం కింది వరుసల్లో ఉంది. పట్టిక కింద విడిగా ఉండే రెండు వరుసల్లో మొదటిదైన లాంథనైడ్లన్నిటికీ +3 మాత్రమే వేసి ఊరుకున్నారు. అది వాటి సాధారణ స్థితే అయినా, సీరియంకు +4, యూరోపియంకు +2 తప్పకుండా ఉండవలసినవి. సీరిక్ (+4 సీరియం) లవణాలతో అంశమాపనం (టైట్రేషన్) చేసే ఇంటర్, డిగ్రీ విద్యార్థులు ఆ గడి చూసి తికమకపడతారు. గంజాం జిల్లా ఛత్రపూర్ తీరపు ఇసుకలో దొరికే మోనజైట్ ఖనిజంలో సీరియం ఉంది కాబట్టి, ఒడిశాలో అమ్మే పట్టికలో ఇది వదిలేయడం నాకు బాధ కలిగించింది. నేను ఆ రెండు గడుల మీద చిన్న చీటీలు అంటించి సరిచేశాను.

కాగితం మందంగా ఉంది, లామినేషన్ అంచులు ఊడలేదు. కిటికీకి ఎదురుగా తగిలిస్తే మెరుపు వల్ల లేత అంకెలు కనబడవు, పక్కగోడకు తగిలించాలి. ఇదే పట్టిక నోటుపుస్తకం సైజులో 30 రూపాయలకు కూడా ఉంది. అందులో ముదురు అంకెలు మాత్రమే ఉంచారు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు అదే కొనిపెట్టండి. పెద్దది ఇంటర్, ఆపై తరగతులకు చెప్పేవారు తీసుకుంటే చాలు.