వెదురు పొద తవ్వి నాటే జట్టు (అనంతపురం): తవ్వకం భేష్, నాటేటప్పుడు మీరు పక్కనే ఉండాలి

కాంపౌండ్ గోడ వారన పెట్టిన పసుపు వెదురు నాలుగైదేళ్లకే గోడ మీదికి ఒరుగుతుంది. దాన్ని తవ్వి వేరేచోట నాటే ముగ్గురు మనుషుల జట్టు ఇది. మూడడుగుల వెడల్పున్న పొదకు కూలి నాలుగు వేలు, ఆటో బాడుగ వేరే.

తవ్వకానికి వంక పెట్టలేం. ముందురోజు సాయంత్రమే బాగా నీళ్లు పట్టమంటారు. మన ఎర్రగరుసు ఎండితే గడారి దిగదు, బలవంతాన దింపితే దుంప చీలుతుంది. ఈ వెదురు దుంపలు దాదాపు పై అడుగున్నరలోనే పెనవేసుకుని ఉంటాయి కాబట్టి పొదంతా పెకలించాలని చూడరు. అంచున ఉన్న ఏడాది, రెండేళ్ల గడలను ఎంచి, బయటివైపు మట్టి లాగి, తల్లి దుంపకు అతుక్కున్న సన్నటి మెడ దగ్గర కోస్తారు. దెబ్బ లావు భాగంలో పడితే కళ్లు (మొలకెత్తే మొగ్గలు) దెబ్బతిని కొత్త కొమ్ము (పిలక) రాదు. అందుకే అక్కడ గొడ్డలి పక్కనపెట్టి కరెంటు రంపం తీస్తారు. మట్టికి బ్లేడు తొందరగా మొద్దుబారుతుంది, వేరే బ్లేడ్లు వాళ్ల దగ్గరే ఉంటాయి. ముదురు గడలు ఇవ్వబోతే మాత్రం వద్దనండి, వాటి దుంపల్లో సత్తువ తక్కువ.

గడను నాలుగైదు కణుపులకు నరకడం సరైనదే. కానీ కణుపుల మధ్య కోసేస్తారు. ఆ గొట్టంలో వాననీళ్లు నిలిచి గడ కుళ్లుతుంది, దోమలు గుడ్లు పెడతాయి. కణుపుకు కాస్త పైన కోయించండి, పాత పొదలో మిగిలిన మోళ్లక్కూడా అంతే. నరికిన పై ముక్కలు పారేయనివ్వకండి. పసుపు వెదురు గడ ముక్కలతోనూ మొలుస్తుంది: రెండు కణుపులున్న ముక్కను పడుకోబెట్టి మూడంగుళాల మట్టి కప్పి తడి ఆరకుండా చూస్తే చాలు.

నాటడమే నాసిరకం. తవ్విన దుంపలను ఎండలో పడేసి టీకి పోతారు. తడి గోనెపట్టా మీరే కప్పండి. గుంత అడుగు లోతుతో సరిపెడతారు. పొడవు, వెడల్పు, లోతు రెండేసి అడుగులు తీయించి, మాగిన దిబ్బెరువు రెండు తట్టలు పైమట్టిలో కలిపించండి. దుంప మునుపు ఎంత లోతులో ఉందో ఇప్పుడూ అంతే ఉండాలి. ఇంకా కిందికి పూడిస్తే, ముఖ్యంగా కర్నూలు వైపు నల్లరేగడిలో, నీళ్లు నిలిచి కళ్లు మురిగిపోతాయి. గుంతకూ గుంతకూ పదిహేనడుగులు వదలండి.

ఇక వాళ్లిచ్చే నెల గ్యారంటీ కాగితానికే. నాటాక ఆకు రాలడం మామూలే. దుంపలోని నిల్వతో చచ్చే మొక్క గడ కూడా నెలపాటు పచ్చగా కనిపిస్తుంది. వేరు పట్టిందో లేదో వానల్లో కొత్త కొమ్ము వస్తేనే తెలిసేది. అందాకా ఆకుచెత్త కప్పి, వాన లేనప్పుడు రోజు మార్చి రోజు బిందె నీళ్లు పోయాలి.

మార్చి నుంచి మే దాకా పిలిచినా వస్తారు, పిలవకండి. జూన్‌లో తొలి వానలు పడ్డాక పిలిస్తే మంచిది. పర్మిషన్ కావాలేమోనని అడిగేవాళ్లకు: 2017 సవరణతో వెదురును భారత అటవీ చట్టంలోని చెట్ల నిర్వచనం నుంచి తీసేశారు, కానీ ఆంధ్రకు సొంత అటవీ చట్టం ఉంది కాబట్టి అనుమానముంటే అటవీ శాఖను అడగండి.

తవ్వకానికి ఐదుకు నాలుగున్నర, నాటడానికి రెండు. తవ్వకం వరకే మాట్లాడుకుంటే కూలి కూడా తగ్గిస్తారు.