ఇంట్లో చేసుకునే యోని పీహెచ్ పరీక్ష: 5కి 3 నక్షత్రాలు

మూడు నెలల్లో మూడోసారి దురద మొదలయ్యాక ఈ పరీక్ష పెట్టె కొన్నాను. యోనిలో పులుపు (ఆమ్లత్వం) ఎంతుందో చెప్పే అంకే పీహెచ్; అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు. అంతకుముందు రెండుసార్లూ ఈస్ట్ (ఫంగస్ ఇన్ఫెక్షన్) అయి ఉంటుందని నాకు నేనే తేల్చేసుకుని, ఇంట్లో మిగిలిన క్లోట్రిమజోల్ పూతమందు రాసుకున్నాను. రెండు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ వచ్చేది.

పెట్టెలో రెండు పుల్లలు, ఒక రంగుల పట్టిక, ఒక సూచనల కాగితం ఉన్నాయి. పుల్ల కొనను యోని గోడకు కొన్ని క్షణాలు ఆనించి తీసి, మారిన రంగును పట్టికతో పోల్చుకోవాలి. నొప్పేమీ లేదు. పట్టిక మాత్రం విసిగించింది. 4.4కూ 4.7కూ తేడా బల్బు వెలుతురులో తెలియనే తెలియదు. పగటిపూట కిటికీ దగ్గర నిలబడి చూడాల్సి వచ్చింది. మొదటి పుల్ల వృథా అయింది. నెలసరి ముగిసిన మర్నాడే పరీక్ష చేసుకున్నాను, రక్తపు చారలు ఇంకా ఉన్నాయి. రక్తం గానీ వీర్యం గానీ కలిస్తే పీహెచ్ ఎక్కువ చూపిస్తుంది. ఇంత ముఖ్యమైన సంగతిని కాగితం వెనుకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు.

నాలుగు రోజులు ఆగి మళ్లీ చేస్తే 5 దాటింది. నెలసరి వచ్చే వయసులో సాధారణంగా 3.8కూ 4.5కూ మధ్య ఉంటుంది. యోనిలోని మేలుచేసే బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి ఆ పులుపును కాపాడుతుంది. ఈస్ట్ వచ్చినప్పుడు ఈ అంకె చాలావరకు పెరగదు. మరి నేను రాసుకున్న పూత దేనికి? అప్పుడు గాని సరిగా గమనించలేదు: నాకు అవుతున్నది ఈస్ట్‌లో కనిపించే విరిగిన పాలలాంటి చిక్కని తెల్లబట్ట కాదు. పల్చగా, బూడిద రంగులో, చేపల వాసనతో ఉంది. ఇన్నాళ్లూ దురద ఒక్కటే పట్టించుకున్నాను.

డాక్టర్ స్రావాన్ని సూక్ష్మదర్శినిలో చూసి బ్యాక్టీరియల్ వజైనోసిస్ (యోనిలోని బ్యాక్టీరియా సమతుల్యం దెబ్బతినడం) అన్నారు. ఏడు రోజుల మెట్రోనిడజోల్ మాత్రలతో తగ్గింది. కలయిక ద్వారా అంటుకునే ట్రైకోమోనియాసిస్‌లో కూడా అంకె ఇలాగే పెరుగుతుందని, అదైతే భర్తకూ మందు ఇవ్వాలని ఆవిడే చెప్పారు. ఆ రెండింటినీ ఈ పుల్ల విడదీయలేదు. క్లమీడియా, గనేరియా లాంటి సుఖవ్యాధుల సంగతి దీనికి అసలే తెలియదు.

నెలసరి ఆగిపోయిన మా అక్కకూ ఒకటి కొనిద్దామనుకుని మానేశాను. ఆ వయసులో ఈస్ట్రోజన్ హార్మోన్ తగ్గి, ఏ జబ్బూ లేకపోయినా అంకె పెరుగుతుంది. ఆ దశలో ఒక్క చుక్క రక్తం కనిపించినా నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. గర్భిణులు, జ్వరమో పొత్తికడుపు నొప్పో ఉన్నవారు, కలయిక తర్వాత రక్తం కనిపించినవారు, పుండ్లు లేచినవారు కూడా అంతే. అంకె మామూలుగా వచ్చిందని దయచేసి ఆగిపోకండి.

తప్పు మందు మాన్పించినందుకు మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. పట్టికలో రంగులు స్పష్టం చేసి, నెలసరి హెచ్చరికను పెట్టె మీదే ముద్రిస్తే నాలుగోదీ ఇస్తాను.