‘రెండేళ్లకే కాపు’ అంటూ టెంకాయ మొక్కలు అమ్మే బండ్లతో జాగ్రత్త (అనంతపురం రైతులకు)

అనంతపురం చుట్టుపక్కల టెంకాయ పెట్టాలనుకుంటున్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి. తొలకరి పడగానే నార్పల, గార్లదిన్నె, శింగనమల వైపు ఊళ్లలోకి మినీ లారీల్లో మొక్కలు దిగుతాయి. మైకు పెట్టి, రంగుల కరపత్రం చేతిలో పెట్టి, ‘మలేషియా హైబ్రిడ్, రెండేళ్లకే కాపు, చెట్టుకు ఏడాదికి 400 కాయలు’ అంటారు. అలాంటి బండిలో కొన్న మొక్కలతోనే మా ఎకరా తోట వేశాం. ఐదో ఏడు నడుస్తోంది. ఇంతవరకు ఒక్క గెల రాలేదు.

చీనీ చెట్లు వరసగా ఎండిపోయాక ఆ ఎకరాలో ఏం పెట్టాలా అని చూస్తున్న సమయమది. ఎళనీళ్లకు ఊళ్లోకే వచ్చి కొనుక్కుపోతున్నారు కాబట్టి టెంకాయ అనుకున్నాం. 25 అడుగుల ఎడంతో ఎకరాకు 70 మొక్కలు. ఒక్కోటి 350 రూపాయలు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద ‘టెంకాయ మొక్కలు 70’ అని రాసి సంతకం గీకిచ్చాడు. రకం పేరు లేదు, నర్సరీ పేరు లేదు. ‘పేరెందుకన్నా, ఫోన్ నంబరుంది కదా’ అన్నాడు.

మూడో ఏడు దాటాక ఫోన్ చేస్తే, ‘అన్నా, మీ నేలలో ఉప్పు ఎక్కువ, నీళ్లు చాల్లేదు, మొన్నటి ఎండలకు పూత లోపలే మాడిపోయింటుంది’ అన్నాడు. ఆ తర్వాత నంబరు పనిచేయలేదు.

అతని మాటలో సగం నిజం ఉంది, అందుకే చాలామంది నమ్మి ఊరుకుంటారు. టెంకాయలో గెల బయటికి కనబడటానికి రెండున్నరేళ్లకు పైగా ముందే లోపల దాని మొలక మొదలవుతుంది. ఒక వేసవి చెట్టును కుంగదీస్తే దాని దెబ్బ రెండేళ్ల తర్వాత కాపులో తెలుస్తుంది. అమ్మేవాళ్లకు ఇది బాగా తెలుసు. కాపు రాకపోతే నెపం ఎండ మీదికి నెట్టొచ్చు.

కానీ ఎండకు రకం మారిపోదు కదా. తోట చూడటానికి వచ్చిన ఉద్యాన అధికారి ముందు చెట్ల మొదళ్లు చూశాడు. టెంకాయలో పొట్టి, పొడుగు అని రెండు రకాలు, ఆ రెంటినీ కలిపి పుట్టించేదే హైబ్రిడ్. నిక్కమైన పొట్టి రకానికి మొదలు ఉబ్బదు, మాను సన్నగా నిటారుగా లేస్తుంది. మా చెట్లలో ఎక్కువ వాటికి మొదలు కుండలా ఉబ్బి ఉంది. అది పొడుగు రకం లక్షణం. హైబ్రిడ్‌కూ కొంత ఉబ్బు ఉండొచ్చు, కానీ హైబ్రిడ్ అయితే నాలుగైదేళ్లకు పూతకు రావాలి. పొడుగు రకం ఆరేడేళ్లు తీసుకుంటుంది. పైగా మట్టల కాడల రంగు చూస్తే కొన్ని పచ్చవి, కొన్ని నారింజవి, కొన్ని గోధుమవి. అంటే ఏ సంతలోనో దొరికిన కాయలన్నీ కలిపి మొలకెత్తించి, అన్నిటికీ ఒకే పేరు తగిలించారన్నమాట.

హైబ్రిడ్ అంటే ఏమిటో తెలిస్తే ఈ బండ్ల మోసం ఇట్టే అర్థమవుతుంది. తల్లి చెట్టు ఎక్కి, గెల విచ్చుకోగానే మగపూలన్నీ తీసేయాలి. గెలకు సంచి కట్టాలి. తండ్రి రకం నుంచి తెచ్చిన పుప్పొడిని ఆడపూలు సిద్ధమైన రోజుల్లో చల్లాలి. ఆ కాయ ముదరడానికి దాదాపు ఏడాది. నర్సరీలో మొక్క కావడానికి మరో తొమ్మిది నెలల నుంచి ఏడాది. అంటే ఒక్క హైబ్రిడ్ మొక్క వెనక రెండేళ్ల పని, చెట్లెక్కే మనుషుల కూలీ ఉంటుంది. అందుకే నిజమైన హైబ్రిడ్ మొక్కలకు ముందుగా పేరు రాయించుకుని ఎదురుచూడాల్సి వస్తుంది. ‘ఎన్ని కావాలన్నా రేపే దింపుతా’ అన్నాడంటే అక్కడే అనుమానించండి.

ఇంకో సంగతి. హైబ్రిడ్ చెట్టు కాసిన కాయను మొలకెత్తిస్తే వచ్చే మొక్క హైబ్రిడ్ కాదు. దాని పిల్లలు తలా ఒక తీరుగా వస్తాయి. ‘మా తోటలో హైబ్రిడ్ చెట్ల విత్తనమే’ అని ఎవరైనా గొప్పగా చెబితే అది వద్దనడానికే కారణం.

ఈ మధ్య ‘అంటు టెంకాయ’, ‘టిష్యూ కల్చర్ టెంకాయ’ అని కూడా మొదలుపెట్టారు. మామిడికో చీనీకో కట్టినట్టు టెంకాయకు అంటు కట్టడం కుదరదు, దాని మానులో అతుక్కునే పొర ఉండదు. టిష్యూ కల్చర్ మీద పరిశోధన సాగుతున్నా, అరటి మొక్కల్లాగా లారీల్లో వచ్చి అమ్ముడుపోయే దశకు రాలేదు. ఈ రెండు మాటల్లో ఏది వినబడినా బేరం కూడా ఆడకండి.

400 కాయల మాట సరే సరి. బాగా నీరు, ఎరువు అందిన హైబ్రిడ్ ఏడాదికి వంద, నూట యాభై కాయలు కాస్తే మంచి కాపు.

మన జిల్లాలో ఇంకో మెలిక ఉంది. టెంకాయ కోస్తా తేమకు అలవాటైన చెట్టు. మనకు ఏడాదికి పడేది దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. వేసవిలో ఒక్కో కాపు చెట్టుకు రోజుకు 80 లీటర్లు లెక్క వేసుకున్నా ఎకరాకు 5,600 లీటర్లు బోరు నుంచి రావాలి. పొట్టి రకాలు నీటి ఎద్దడిని తట్టుకోవడంలో పొడుగు రకాలకంటే బలహీనం. అంటే వాడిచ్చినవి నిజంగా మలేషియా పొట్టి మొక్కలే అయినా మనకు అంత మంచి బేరం కాదు. ఎండకు ఓర్చుకునేది కావాలంటే పొడుగు రకాల్లో ఈస్ట్ కోస్ట్ టాల్ గానీ, మనకు దగ్గర్లో కర్ణాటక మెట్టప్రాంతంలో పండించే తిపటూరు టాల్ గానీ అడగండి. హైబ్రిడే కావాలంటే కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం నుంచి వచ్చిన గోదావరి గంగ ఉంది. తల్లి ఈస్ట్ కోస్ట్ టాల్, తండ్రి గంగబొండం అనే పొట్టి రకం. తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని ఇలా చెప్పగలిగినదే హైబ్రిడ్. ‘మలేషియా హైబ్రిడ్’ వాడిని దేనికి దేన్ని కలిపారని అడిగి చూడండి, మాట మార్చేస్తాడు.

అంబాజీపేట కాకుండా కొబ్బరి అభివృద్ధి బోర్డుకు ఏలూరు జిల్లా వేగివాడలో విత్తనోత్పత్తి క్షేత్రం ఉంది. దూరమే, రవాణా ఖర్చూ అవుతుంది. నలుగురైదుగురు రైతులు కలిసి ఒక బండి మాట్లాడుకుంటే నయం. ముందు రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో మీ నేలకు, నీటికి ఏది పనికొస్తుందో అడగండి.

ఎక్కడ కొన్నా మొక్కను చూసి తీసుకోండి. పది, పన్నెండు నెలల మొక్కకు కనీసం ఆరు ఆకులు, మొదలు చుట్టుకొలత పది సెంటీమీటర్లు ఉండాలి, ఆకు చీలడం మొదలై ఉంటే ఇంకా మంచిది. పొట్టి రకాలకు చుట్టుకొలత కాస్త తక్కువున్నా ఫర్వాలేదు. ఆకు తిప్పి చూడండి. అడుగున తెల్లటి మైనంలాంటి చుట్టలు, పైన నల్లటి మసి కనబడితే అది రుగోస్ తెల్లదోమ. 2016లో తమిళనాడులో బయటపడిన ఈ పురుగు మొక్కల రవాణాతోనే చాలా చోట్లకు పాకింది. అలాంటి మొక్క తెస్తే పక్క తోటవాళ్లకూ అంటించినట్టే.

మన రాష్ట్రంలో ఉద్యాన నర్సరీలు రిజిస్టర్ చేయించుకోవాలని 2010లోనే చట్టం వచ్చింది. ఆ రిజిస్ట్రేషన్ నంబరు, రకం పేరు, తేదీ, మొక్కల సంఖ్య బిల్లులో లేకపోతే డబ్బు చేతికివ్వకండి. మొక్క దిగిన రోజే బండి నంబరు, కరపత్రం, మొక్కలు కనబడేలా ఫోటోలు తీసిపెట్టుకోండి. కరపత్రం పారేస్తే 400 కాయల మాట అన్నట్టు ఏ ఆధారమూ మిగలదు.

ఇప్పటికే మోసపోయినవాళ్లకు ఒక దారి ఉంది. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని జాతీయ విత్తన సంస్థకు, ఆంధ్ర రైతులకు మధ్య నడిచిన కేసులో 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. 1915 నంబరుకు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు రాయించొచ్చు. చిక్కల్లా గడువుతోనే. ఫిర్యాదుకు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లే ఇస్తుంది చట్టం, టెంకాయ మోసమేమో నాలుగైదేళ్లకు గానీ బయటపడదు. కాబట్టి రకం తేడా అని అనుమానం వచ్చిన రోజే ఉద్యాన అధికారిని పిలిపించి, చూసింది రాయించి, తేదీతో సంతకం తీసుకోండి. మేము ఆ పని చేశాం, కమిషన్‌లో కాగితాలు వేస్తున్నాం. అదే తరహా తెల్లకాగితం చీటీ మీ దగ్గరా ఉంటే పారేయకుండా పట్టుకుని రండి. అందరం కలిసి వేస్తే, అందరి చీటీలూ ఒకే చేతిరాతలో ఉన్నాయని అక్కడ చూపించొచ్చు.