కోళ్లలో బద్దె పురుగులు: రెట్ట పరీక్ష మేలా, పేగు పరీక్ష మేలా?

కోళ్లు మేత తింటున్నా చిక్కిపోతుంటే, తురాయి పాలిపోయి గుడ్లు తగ్గితే, చాలామంది కాస్త రెట్ట పట్టుకొని పశువుల ఆసుపత్రికి వెళతారు. ఏలికపాములకూ, కాక్సీడియా అనే పేగు సూక్ష్మజీవులకూ అది మంచి దారే. బద్దె పురుగుల విషయంలో మాత్రం నేను దాన్ని సగమే నమ్ముతాను.

రెట్టను చిక్కటి ఉప్పునీటిలో కలిపితే పైకి తేలిన పురుగు గుడ్లను మైక్రోస్కోప్‌లో చూస్తారు. ఏలికపాము గుడ్లను విడివిడిగా వదులుతుంది కాబట్టి దొరికిపోతుంది. బద్దె పురుగు గుడ్లతో నిండిన తన తోక ముక్కలనే తెంపి వదులుతుంది. గుడ్లు చాలావరకు వాటిలోనే ఉండిపోతాయి. ఆ ముక్కలైనా ప్రతి రెట్టలోనూ పడవు. అందుకే చీటీలో గుడ్లు లేవని రాసినా పురుగు లేదని కాదు.

తాజా రెట్టను కళ్లతో చూడటానికి పైసా ఖర్చు లేదు. అన్నం మెతుకుల్లాంటి తెల్లటి ముక్కలు కనిపిస్తే అనుమానం తీరినట్టే, కనిపించకపోతే తీరదు. మహా అయితే 4 మిల్లీమీటర్లు పెరిగే డవైనియా అనే బద్దె పురుగు ముక్కలు కంటికి ఎక్కడ ఆనుతాయి? హాని చేయడంలో అది పెద్ద పురుగులకు తీసిపోదు.

మందలో బాగా నీరసించిన ఒక కోడిని కోయించి పేగు చూపించడమే అన్నిటికన్నా నమ్మకమైనది. కోసిన వెంటనే చూడాలి, ఆలస్యమైతే పురుగులు పాడైపోతాయి. పేగును నిలువునా చీల్చి నీళ్లలో పరిస్తే 25 సెంటీమీటర్ల దాకా పెరిగే రైలియెటినా అనే బద్దె పురుగు రిబ్బనులా తేలి కనిపిస్తుంది. లాగితే తల పేగు గోడలోనే తెగిపోతుంది, తల లేకుండా రకం తేల్చడం కష్టం. డవైనియా కోసం పేగు లోపలి పొరను గీకి మైక్రోస్కోప్ కింద పెట్టాలి. రైలియెటినాలో ఒక రకం పేగు మీద గడ్డలు లేపుతుంది, చూసినవారు క్షయ అని పొరబడతారు.

ఇరవై కోళ్లుంటే ఒకదాన్ని వదులుకోవడం నష్టమేమీ కాదు. ఒక్కటే మేలుజాతి పుంజు ఉన్నవారికి ఆ మాట చెప్పలేం. వారు కొన్ని రోజులు వరుసగా రెట్ట గమనించి, పశువైద్యుడు చెబితే బద్దె పురుగు మందు ప్రాజిక్వాంటెల్ వేయించాలి. చాలామంది కొనుక్కొచ్చే పైపరజీన్ ఏలికపాములకే, బద్దె పురుగును అది ఏమీ చేయదు.

రకం తెలిస్తే ఇంకో లాభం ఉంది. డవైనియా అయితే నత్తలను, రైలియెటినా అయితే రకాన్ని బట్టి చీమలనో పెంకు పురుగులనో కోళ్లకు దూరం చేయాలి. వాటిని తినడం వల్లే కోడికి ఈ పురుగు పడుతుంది, కాబట్టి అవి తిరుగుతున్నంత కాలం మందు వేసిన కోడికీ మళ్లీ పడుతుంది.