అద్దంలా మెరిసే ఆ పాత ఉలులు కొనకండి, మొనలు కాలిపోయి ఉన్నాయి

పాత పనిముట్లు బాగుచేసి ఆన్‌లైన్‌లో అమ్మే ఆయన ఉన్నాడు కదా, ప్రతి ఫొటోలోనూ ఉలి వెనకవైపు మొహం కనిపించేంత మెరుగు పెట్టి చూపిస్తాడు. పేరు రాయను. చేతి పనిముట్ల కోసం వెతికేవాళ్లకి ఎవరో ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. ఆయన దగ్గర ఒక ఉలుల సెట్టు, చెక్క నునుపు చేసే నాలుగో నంబరు రందా తీసుకున్నాను. ఉలుల మొనలు గ్రైండర్ మీద కాలిపోయి ఉన్నాయి. ఆ కాలిన గుర్తు కొనేవాళ్లకి కనపడకుండా మెరుగు పెట్టి అమ్మాడు. ఇప్పుడే ఆయనతో మాట్లాడి ఫోన్ పెట్టేశాను, ఒళ్లు మండిపోతోంది. అయినా ఇవాళే రాస్తున్నాను, ఎందుకంటే అవే ఫొటోలతో కొత్త సెట్లు మళ్లీ అమ్మకానికి పెట్టాడు.

రందా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. బ్లేడు మీద బిగించే చిప్‌బ్రేకర్, అంటే పొట్టుని విరిచే రేకు, సరిగ్గా కూర్చోలేదు, వెలుతురు కనిపించేంత సందు ఉంది, పొట్టు అందులో ఇరుక్కునేది. కొసని రాయి మీద రుద్ది సరిచేసుకున్నాను, ఇప్పుడు బాగా పనిచేస్తోంది. పాత రందా కొన్నవాళ్లు ఆమాత్రం పని చేసుకోవాలి, దానికోసం ఎవరి మీదా పోస్టు రాయను. ఉలుల విషయం అలాంటిది కాదు.

మెత్తటి కర్రని బాగానే కోశాయి. చేవ ఉన్న గట్టి కర్రలో డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారంలో ఒకదాంట్లో ఒకటి దిగే జాయింటు) కోతల మధ్య చెక్క తీస్తుంటే నాలుగు దెబ్బలకే పదును పోయింది. మళ్లీ సాన పట్టాను. ముందు 1000 నంబరు రాయి, తర్వాత ఇంకా నునుపైన 4000, చివర తోలు మీద రుద్దాను. చేతి మీద వెంట్రుకలు తెగేంత పదును వచ్చింది. గట్టి కర్ర మీద పెట్టగానే మళ్లీ అదే కథ. 25 డిగ్రీల వాలు, అంటే మొనకి ఏటవాలుగా పట్టిన కోణం, ఈ కర్రకి పలచనైందేమో అని కొసని 30కి, ఆ తర్వాత 35కి పెంచాను. పదును ఆగలేదు.

దీపం కింద పట్టుకుని చూస్తే అంచు పొడవునా సన్నటి తెల్ల గీత. నిజంగా పదునున్న అంచు వెలుతురుని వెనక్కి కొట్టదు, ఎదురుగా చూస్తే అక్కడ ఏమీ కనపడదు. గీత కనిపించిందంటే మొద్దుబారినట్టే. గోటితో తడిమితే అంచు ఒక పక్కకి మడతపడి ఉంది. ఈ తేడా కొత్తగా మొదలుపెట్టినవాళ్లు తప్పకుండా గుర్తుపట్టాలి. ఉక్కు మరీ పెళుసుగా ఉంటే, లేదా ఆ కర్రకి వాలు మరీ పలచనైతే, అంచు సాధారణంగా పెచ్చులుగా రాలుతుంది. 35 డిగ్రీల దగ్గర కూడా రాలకుండా మడతపడుతోందంటే లోపం సాన పట్టిన చేతిలో లేదు, ఉక్కు మెత్తబడిపోయింది.

అప్పుడు ఉలిని అన్ని వైపులా తిప్పి చూశాను. పక్క అంచు మీద, వాలు మొదలయ్యే మూలలో, మెరుగు చక్రం అందని చోట, నీలం మచ్చ కనిపించింది. చాలా చిన్నది. కానీ చేతి పనిముట్లతో పనిచేసేవాళ్లకి ఆ రంగు చూస్తే గుండె గుభేలుమంటుంది.

కారణం తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మామూలు కార్బన్ ఉక్కుతో ఉలి చేసేటప్పుడు దాన్ని సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దాకా ఎర్రగా కాల్చి, నూనెలోనో నీళ్లలోనో ముంచుతారు. గట్టిపడుతుంది కానీ పెళుసుగా ఉంటుంది. ఆ పెళుసుతనం తగ్గించడానికి మళ్లీ 200 డిగ్రీల అటూ ఇటూ వేడి చేస్తారు, అదే టెంపర్. అలా తయారైన మంచి ఉలి గట్టిదనం రాక్‌వెల్ సి స్కేలు మీద 60కి దగ్గర్లో ఉంటుంది. ఆ తర్వాత ఎప్పుడు టెంపర్ చేసిన వేడిని దాటినా గట్టిదనం తగ్గిపోవడం మొదలవుతుంది. శుభ్రమైన ఉక్కు మీద 220 దగ్గర లేత గడ్డి రంగు వస్తుంది, 300 దగ్గరికి వచ్చేసరికి నీలం. నిమిషానికి 3000 చుట్లు తిరిగే గ్రైండర్ మీద గట్టిగా అదిమితే, పలచటి మొన ఆ వేడికి చేరడానికి కొన్ని సెకన్లు చాలు. వేడిని పంచుకోవడానికి అక్కడ లోహమే లేదు. నీలం తిరిగాక నీళ్లలో ముంచినా గట్టిదనం వెనక్కి రాదు.

అసలు మోసం ఇక్కడుంది. ఆ నీలం పైన పట్టిన పలచటి పొర మాత్రమే. మెరుగు పెట్టే బఫింగ్ చక్రం మీద రెండు నిమిషాలు పెడితే రంగు పోతుంది, మెత్తదనం లోపల అలాగే ఉండిపోతుంది. మనల్ని హెచ్చరించే ఒకే ఒక్క గుర్తుని చెరిపేసి, దాన్నే మెరుగు అని చూపించి ఎక్కువ రేటు కట్టాడు. పైగా ఆ బఫింగ్‌తో ఉలి వెనకవైపు అంచు దగ్గర గుండ్రంగా అరిగిపోయింది. స్టీలు స్కేలు ఆనించి వెలుతురుకి పట్టుకుంటే కొస దగ్గర సందు స్పష్టంగా తెలుస్తోంది. ఉలికి వెనకవైపు చదునే ప్రాణం. జాయింటు గోడ చెక్కేటప్పుడు ఆ చదునే కర్రని ఆనుకుని దారి చూపిస్తుంది. అది గుండ్రమైతే ఉలి గీత మీద నిలవదు, పైకి లేచిపోతుంది.

అయినా నిర్ధారణ చేసుకోకుండా ఫోన్ చేయలేదు. ఆకురాయి (ఇనుము అరగదీసే ఫైల్) తీసుకుని వాలు మీద మొన దగ్గర నెమ్మదిగా రుద్దాను, కరిచి పొడి రాలింది. కొంచెం పైకి జరిపి రుద్దితే జారిపోయింది. మంచి ఉలిలో మొన దగ్గరే అన్నిటికన్నా గట్టిగా ఉండాలి, ఇక్కడ తలకిందులుగా ఉంది. ఒక ఉలిని గరుకు రాయి మీద, చేత్తోనే, కొసనుంచి వెనక్కి అరగదీశాను. కాలిన భాగం దాటగానే అదే ఉలి, అదే వాలు, అదే కర్ర మీద పదును నిలబడింది. పాతకాలం ఉక్కు మేలైనదే, దాన్ని పాడుచేసింది గ్రైండర్ పట్టినవాళ్లు.

ఫొటోలన్నీ పంపాను. "అది పాత ఇనుము రంగు మేడమ్" అని ఒక్క లైను జవాబు. అందుకే ఫోన్ చేశాను. ఇప్పటిదాకా చాలామంది కొన్నారు, ఎవరూ ఇలా ఫోన్ చేయలేదు అన్నాడు. ఆకురాయి పరీక్ష గురించి చెబితే నా మాట పూర్తి కానివ్వలేదు. "మేడమ్, సాన పట్టడం చెయ్యి తిరిగినవాళ్ల పని. ఇంట్లో మగవాళ్లెవరైనా ఉంటే వాళ్లకివ్వండి, వాళ్లు పట్టించుకొస్తారు."

ఆ మాటకి నోట మాట రాలేదు. ఇంత వివరంగా, ఏ ఉలి ఎక్కడ మెత్తబడిందో గీత గీసి చూపించినా, ఆయనకి కనిపించింది ఫోన్‌లో ఆడ గొంతు ఒక్కటే. తమాయించుకుని ఒకటే అడిగాను: "గ్రైండర్ మీద పట్టేటప్పుడు మధ్య మధ్యలో నీళ్లలో ముంచారా?"

"ప్రతిదాన్నీ ముంచుకుంటూ కూర్చుంటే రోజుకి ఎన్ని అవుతాయండీ?" అన్నాడు.

తన నోటితో తనే ఒప్పుకున్నాడు! అప్పటిదాకా పొరపాటున జరిగిందేమో అని నా మనసులో ఏ మూలో ఉండేది. ఆ ఒక్క మాటతో అదీ పోయింది. డబ్బు వాపసు అడిగితే, "మీరు రాయి మీద పెట్టారు కదా, అది వాడిన సరుకు, తీసుకోం" అని పెట్టేశాడు. పదును నిలవదని తెలియాలంటే సాన పట్టి వాడి చూడాలి. వాడి చూస్తే వాపసు లేదు. అంటే ఈ షరతు కింద చెడ్డ ఉలి ఎప్పటికీ వెనక్కి వెళ్లదు.

నా డబ్బు కన్నా నన్ను ఎక్కువ బాధపెడుతున్నది వేరే ఉంది. ఇవే ఉలులు ఈ పని ఇప్పుడే మొదలుపెట్టిన మనిషి చేతికి వెళ్తే ఏమవుతుంది? సాన పడతారు, పోతుంది, మళ్లీ పడతారు, మళ్లీ పోతుంది. తమకే చేతకాదనుకుంటారు. ఖరీదైన రాళ్లు కొంటారు, కోణం పట్టే జిగ్ కొంటారు, చివరికి విసుగొచ్చి అన్నీ పెట్టెలో పడేస్తారు. ఆ నిస్పృహ నాకు పరాయిది కాదు, రాళ్ల ముందు కూర్చుని భుజాలు లాగేదాకా రుద్దిన చేతులు నావి. "ఎవరూ ఫోన్ చేయలేదు" అంటే ఉలులు బాగున్నాయని కాదు, తప్పు తమదే అనుకుని ఊరుకున్నారని.

కొనేముందు చూసుకోవాల్సినవి: మెరుగు పెట్టనిది అడగండి. పైపైన పట్టిన ఎర్ర తుప్పు రుద్దితే పోతుంది, దాన్ని చూసి భయపడక్కర్లేదు. వెనకవైపు అంచు దగ్గర తుప్పు గుంటలు ఉంటే మాత్రం వద్దు. స్కేలు ఆనించి తీసిన ఫొటో పంపమనండి. ఎలా సాన పట్టారో, ఎన్నిసార్లు చల్లబరిచారో అడగండి, ఆ జవాబులోనే చాలా తెలిసిపోతుంది.

ఆయన దగ్గర ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లు పార్సిల్ విప్పగానే రాయి మీద పెట్టకండి. వీడియో తీస్తూ విప్పండి, మూలల్లో నీలం ఉందేమో చూడండి, ఆ వీడియోలోనే మొన దగ్గర ఒకసారి, కొంచెం పైన ఒకసారి ఆకురాయితో తేలిగ్గా రుద్ది చూపించండి. మొన దగ్గర కరిచి పైన జారితే అదే రోజు వాపసు అడగండి.